పేరు ఆమెది, పొలం ఎవరిది?

మన కుటుంబాల్లో ఆస్తి గురించి వాడే మాటల్లో "ఉత్త పేరుకే" అన్నంత తేలిగ్గా వాడే మాట, అంత హాని చేసే మాట మరొకటి లేదు. "భూమి ఉత్త పేరుకే ఆమె మీద ఉన్నది" అని భార్య గురించి అంటారు, తల్లి గురించి అంటారు, అక్కచెల్లెళ్ల గురించి అంటారు. పట్టాదారు పాసుపుస్తకం మీద ఆమె ఫోటో ఉంటుంది. రిజిస్ట్రేషన్ కాగితం మీద ఆమె సంతకమో వేలిముద్రో ఉంటుంది. ధర వచ్చినప్పుడు అమ్మాలా వద్దా అని అడిగేది మాత్రం ఆమెను కాదు. మగవాడి పేరు మీద ఉన్న భూమిని ఎవరూ ఉత్త పేరుకే అనరు. ఆ భూమి కొనడానికి భార్య కట్నం సొమ్ము పోసినా, అక్క జీతం పోసినా అనరు.

ఈ తేడాని కుటుంబం ఎలా వాడుకుంటుందో, చట్టం దానికి ఎంతవరకు కాపు కాస్తున్నదో చూడటానికి హైదరాబాదుకు పడమట ఉన్న చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు మంచి చోటు. భూమి ధర పెరిగిన చోటే కుటుంబం అసలు స్వరూపం బయటపడుతుంది.

1908 మూసీ వరదల తర్వాత నగరం కోసం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయింది. వాటిలోకి నీళ్లొచ్చే ప్రాంతాన్ని కాపాడటానికి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న 111 నంబరు జీవో ఇచ్చింది. (తేదీ చూసి మనం మురిసిపోనక్కర్లేదు, అది కాకతాళీయం.) జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదన్నారు. ఆ 84లో ఈ రెండు మండలాల గ్రామాలూ ఉన్నాయి. కాలనీలు రాకూడదన్నారే గాని కొనేవాళ్లు ఆగలేదు. లేఅవుట్ వేయరాదు కాబట్టి వ్యవసాయ భూమిగానే, గుంటల లెక్కన అమ్మకాలు సాగాయి. గుంట అంటే 121 గజాలు. కూరగాయలు, పూలు పండే చేలు రికార్డులో చేలుగానే ఉంటూ ఫాంహౌసులయ్యాయి. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆంక్షలు సడలించారు. 2023 మేలో 111ను పూర్తిగా ఎత్తేయాలని మంత్రివర్గం తీర్మానించింది. ఇటువంటి ప్రకటన వచ్చినప్పుడల్లా బీరువాల్లోంచి పాత కాగితాలు బయటికొస్తాయి. ఎకరం వేలల్లో ఉన్నన్నాళ్లు పట్టా ఎవరి పేరు మీద ఉందో పట్టించుకోని అన్నదమ్ములకి, ధర కోట్లలోకి వచ్చేసరికి అది ఉత్త పేరేనని గుర్తొస్తుంది.

అసలు ఇంకొకరి పేరు మీద ఎందుకు కొంటారు? కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ మగవాళ్ల అవసరాలే. 1973 భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, గరిష్ఠ పరిమితి తప్పించుకోడానికి భూములు బంధువుల పేర్లలోకి, జీతగాళ్ల పేర్లలోకి వెళ్లాయి. ఆ చట్టం కూడా మేజరు కొడుకుని లెక్కలోకి తీసుకుని కుటుంబానికి అదనంగా భూమి ఉంచుకోనిచ్చింది. మేజరు కూతురికి ఆ లెక్క లేదు. దున్నేవాడికి భూమి అన్న నినాదంలో దున్నేది "వాడే" కదా. తర్వాత, కొన్న ఆస్తి వివరాలు పైఅధికారులకు చెప్పుకోవలసిన ఉద్యోగులు వచ్చారు. అప్పులవాళ్లు, బ్యాంకులు జప్తు చేస్తాయని భయపడే వ్యాపారులు వచ్చారు. ఇప్పుడు అమెరికా నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం ప్రవాస భారతీయులు ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు గాని వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌసు కొనరాదు. మొయినాబాద్‌లో అమ్మేవి అవే. కనుక అమ్మ పేరు మీద, అత్త పేరు మీద, ఊళ్లో ఉన్న చెల్లె పేరు మీద కొంటారు. ఇన్ని కారణాల్లో ఒక్కటైనా ఆమెకు ఆస్తి ఉండాలన్నది కాదు. ఆమె పేరు ఒక తాళం పెట్టె, తాళంచెవి ఆమెకివ్వరు.

"బేనామీ" అంటే ఫార్సీలో పేరు లేని అని అర్థం. పేరు లేనివాడు అనుభవిస్తాడు, పేరున్నామె సంతకం పెడుతుంది.

ఈ ఏర్పాటును కోర్టులు కనిపెట్టలేదు గాని చాలా కాలం పోషించాయి. ఇంగ్లండులో భర్త భార్య పేరు మీద, తండ్రి పిల్లల పేరు మీద కొంటే అది వాళ్లకిచ్చినట్టేనని కోర్టులు భావించేవి. కొడుకు పేరు మీద కొన్న ఆస్తి తగాదా ఒకటి ఇక్కడి నుంచి ప్రివీ కౌన్సిల్‌కి వెళితే, ఇండియాలో అలా భావించనక్కర్లేదని 1854లో తీర్పు వచ్చింది. ఆ తర్కం భార్యల పేరు మీద కొన్న ఆస్తులకూ పాకింది. ఇక్కడివాళ్లకి బినామీ అలవాటట, కాబట్టి డబ్బు పెట్టినవాడిదే ఆస్తి! వలస పాలకుడికీ ఇంటి పెద్దకీ ఇంత సులువుగా కుదిరిన ఒప్పందాలు చరిత్రలో చాలా ఉన్నాయి, ఇదొకటి.

1988లో బినామీ లావాదేవీల నిషేధ చట్టం వచ్చింది. అసలు యజమానిని నేనేనంటూ దావా వేయడానికి వీల్లేదని 4వ సెక్షను చెప్పింది. భార్య పేరు మీద, పెళ్లికాని కూతురి పేరు మీద కొనడాన్ని నిషేధం నుంచి మినహాయించి, అలా కొన్నది వాళ్ల మేలు కోసమేనని, కాదని రుజువయ్యేదాకా, భావించాలంది. నూట ముప్పై ఏళ్ల తర్వాత పేరుకొక విలువ వచ్చింది. అయితే ఆ వాక్యం ఎవరిని ఊహించుకుని రాశారో చూడండి. ఎవరైనా "తన భార్య" పేరు మీద కొనవచ్చు. మరి భార్య తన డబ్బుతో భర్త పేరు మీద కొంటే? దానికి మినహాయింపు లేదు. అక్షరాలా తీసుకుంటే ఆమె చేసింది నేరం, భూమి నాదని దావా వేయడానికి వీల్లేదు. ఆడదాని దగ్గర భూమి కొనేంత డబ్బు ఉంటుందని పార్లమెంటుకు తోచనే లేదు. 2016 దాకా, అంటే ఇరవై ఎనిమిదేళ్ల పాటు, తోచలేదు.

2016 సవరణ "భార్య"ని తీసేసి భార్యాభర్తల్లో ఎవరైనా అని అర్థమొచ్చే మాట పెట్టింది. కూతురు పెళ్లయినదా కానిదా అన్న షరతు పోయి "సంతానం" అన్న మాట వచ్చింది. ఇంతవరకు సంతోషించాలి. కానీ అదే చేత్తో, భార్య మేలు కోసమే కొన్నట్టు భావించాలన్న వాక్యాన్ని చట్టంలోంచి తీసేశారు. తెలిసిన ఆదాయంతో కొన్నట్టయితే అది బినామీ కాదు, అంతే. బినామీ కాదు కాబట్టి దావాకు అడ్డం లేదు. దీని ఫలితం వెంటనే కనబడింది. భార్య పేరు మీద తన ఆదాయంతో కొన్న ఆస్తి తనదేనని భర్త కోర్టుకి రావచ్చని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. నల్లధనం మీద యుద్ధమని చాటిన చట్టం, లెక్క చూపగల డబ్బున్న భర్తకి భార్య మీద దావా వేసే వీలు ఇచ్చింది. ఆ చట్టం మీద పత్రికల్లో జరిగిన చర్చంతా రాజకీయ నాయకుల గురించి, జప్తుల గురించి. ఈ మార్పు గురించి ఎంతమంది రాశారు?

"మీరు అనవసరంగా స్త్రీ పురుష భేదం తెస్తున్నారు, కోర్టు అడిగేది సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రమే" అని న్యాయవాద మిత్రులు అంటారు. నా అభ్యంతరం సరిగ్గా ఆ ప్రశ్న మీదే. బినామీ అవునా కాదా తేల్చడానికి సుప్రీంకోర్టు 1973లో ఆరు గుర్తులు చెప్పింది. సొమ్ము ఎవరిది, స్వాధీనం ఎవరిది, ఇంకొకరి పేరు పెట్టడానికి కారణమేమిటి, వాళ్ల మధ్య సంబంధమేమిటి, దస్తావేజులు ఎవరి దగ్గరున్నాయి, కొన్న తర్వాత ఎవరెలా వ్యవహరించారు. ఇందులో సొమ్ముదే పెద్దపీట. వినడానికి ఎంత నిష్పాక్షికంగా ఉంది! చేవెళ్ల చుట్టుపక్కల ఒక కూరగాయల చేనుకి ఈ ప్రశ్నలు పట్టుకెళ్లండి. విత్తనం పెట్టేది, కలుపు తీసేది, క్యారెట్ పీకి కడిగి మూట కట్టేది ఆడవాళ్లు. తెల్లవారకముందే మార్కెట్లో కూచునేదీ చాలా ఇళ్లలో వాళ్లే. డబ్బు మగవాడి జేబులోకి, అక్కడి నుంచి బ్యాంకులోకి వెళుతుంది. నాలుగు పంటల తర్వాత పక్కన రెండెకరాలు కొంటారు. సొమ్ము ఎవరిది? భర్తది. స్వాధీనం? ఇంటాయనది. దస్తావేజులు? ఆయన పెట్టెలో. అమ్మకందారుతో మాట్లాడింది ఆయనే, కరెంటు బిల్లు కట్టేదీ ఆయనే. ఆరింటికి ఆరూ ఆయనకే మార్కులు. ఆమె ఇరవై ఏళ్లు వంగి చేసిన పని ఏ గుర్తులోనూ లేదు. శ్రమకి రసీదు ఉండదు కనుక శ్రమే జరగనట్టు.

ఈ విషయంలో హైకోర్టులు ఎటు పోతున్నాయో కూడా చూద్దాం. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో భర్త పదేళ్లకు పైగా సౌదీలో పనిచేశాడు. అతను పంపిన డబ్బుతో భార్య కొన్న ఆస్తులు తనవేనని, ఆమె తన తరఫున అట్టిపెట్టుకున్నది మాత్రమేనని వాదించాడు. ఇంటి పనితో ఆమె చేసిన దోహదం కూడా ఆ ఆస్తి సంపాదనలో భాగమేనని, ఆమెకు సగభాగం ఉందని కోర్టు చెప్పింది. గల్ఫ్ వలసలు తెలిసిన తెలంగాణ జిల్లాల ఆడవాళ్లందరికీ వినిపించవలసిన తీర్పు ఇది. అదే నెలలో కలకత్తా హైకోర్టు, భర్త డబ్బిచ్చినంత మాత్రాన భార్య పేరు మీది ఆస్తి బినామీ అయిపోదని చెప్పింది. ఆ కేసులో తల్లి మీద దావా వేసింది కొడుకు. తర్వాత 2024 ఫిబ్రవరిలో అలహాబాద్ హైకోర్టు, సొంత ఆదాయం లేని గృహిణి పేరు మీద హిందూ భర్త కొన్నది కుటుంబ ఆస్తి అని భావించవచ్చంది. అక్కడా తల్లి పేరు మీది ఆస్తిలో వాటా అడిగింది కొడుకే. ఒక కోర్టు ఇంటి చాకిరీని సంపాదన అంటుంది. ఇంకో కోర్టు ఇంట్లో చాకిరీ చేసే ఆడదానికి సంపాదన లేదు గనక ఆమె పేరుకి విలువ లేదంటుంది. కొడుకులు తల్లుల మీద కోర్టుకెళ్లడం చూసి నొచ్చుకునే పెద్దలున్నారు. నాకు ఆశ్చర్యం లేదు. ఆమెది ఉత్త పేరేనని ఆ కొడుకులు చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నారు.

ఇంతవరకు పేరు ఆడవాళ్లదైన కథ. దీని కింద ఇంకో కథ ఉంది, దాని మీద మనమూ తక్కువే మాట్లాడాం. డబ్బు ఆడవాళ్లది, పేరు మగవాళ్లది.

గల్ఫ్‌లో పనిచేసే ఒక నర్సుని ఊహించుకోండి. తమ్ముడు ఊళ్లో ఉంటాడు. ఆమె పంపిన డబ్బుతో తల్లిగారి ఊళ్లో అతని పేరు మీద భూమి కొంటారు. "అక్కా, నువ్వు వచ్చినంక నీకు జేస్త, మనలో మనకు కాగితమెందుకు?" అంటాడు. నిజాయితీగానే అని ఉండవచ్చు. తమ్ముడికి పెళ్లయి, పిల్లలయి, రోడ్డు వెడల్పయి, ధర పెరిగిన తర్వాత ఆ మాట ఎక్కడుంటుంది? 2016 చట్టం ప్రకారం అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పేరు మీద కొన్నది బినామీ కాకుండా ఉండాలంటే డబ్బు పెట్టినవాళ్ల పేరు కూడా దస్తావేజులో ఉమ్మడి యజమానిగా ఉండాలి. ఆమె పేరు లేదు. కనుక దావా లేదు. పైగా 2016 నవంబరు 1 తర్వాత కొన్నదైతే, నిజం చెబితే ఆమె మీదే నేరం పడే ప్రమాదముంది. ఏడాది నుంచి ఏడేళ్ల జైలు, ఆస్తి విలువలో 25 శాతం దాకా జరిమానా. తమ్ముడిని నమ్మడం ఇంత పెద్ద నేరమని ఒడిబియ్యం పోసేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

చేవెళ్ల చెల్లెమ్మ అని ఎన్నికల సభల్లో పిలిపించుకున్న ప్రాంతమిది. చెల్లెమ్మకు రాజకీయాల్లో ఉన్న గిరాకీ పాసుపుస్తకాల్లో కనబడదు.

ఇక కూతుళ్ల వాటా సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి కుటుంబాలు కనిపెట్టిన మందు ఏమిటంటే, ఉమ్మడి సేద్యం మీద వచ్చిన డబ్బుతో కొన్న భూమిని పెద్దకొడుకు పేరు మీద పెట్టి అతని స్వార్జితమనడం. ఉమ్మడి సొమ్ముతోనే కొన్నారని ముందుగా చూపవలసింది వాటా అడిగేవాళ్లేనని 1947లోనే ప్రివీ కౌన్సిల్ అంది, అదీ ఒక తెలుగు కుటుంబపు తగాదాలోనే. పెళ్లయి వేరే ఊరు పోయిన ఆడబిడ్డ ముప్పై ఏళ్ల కిందటి పంటల లెక్కలు ఎక్కడి నుంచి తెస్తుంది?

"అయితే పేరే ముఖ్యమంటారా, సొమ్మే ముఖ్యమంటారా? భార్య పేరున్నచోట పేరు చూడమంటారు, తమ్ముడి పేరున్నచోట సొమ్ము చూడమంటారు" అని అడిగేవాళ్లకి సమాధానం చెప్పాలి. అది మొండి ప్రశ్న కాదు, దాటేయకూడదు. చెమటోడ్చి సంపాదించి మరదలి పేరు మీద పెట్టి పోగొట్టుకున్న మగవాళ్లూ ఉన్నారు. నా సమాధానం ఇది: ఎవరి పేరు పెట్టాలో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడండి. సీలింగు తప్పించుకోడానికో, ఫెమా తప్పించుకోడానికో, పైఅధికారి కంట పడకుండానో ఒక మగవాడు ఏరికోరి ఒక స్త్రీ పేరు పెట్టాడు. ఆ పేరు వల్ల రావలసిన లాభం పొందాడు. లాభం తీరాక పేరు చెల్లదనడం కుదరదు. నర్సు సంగతి వేరు. ఊళ్లో లేదు, మగతోడు లేనిదే బేరం కాదన్నారు, ఆడపిల్ల పేరు మీద పెడితే అల్లుడి పాలవుతుందన్నారు. ఆమె ఎంచుకోలేదు, ఆమెకి దారి లేదు. ఈ రెండింటినీ ఒకే తూకంలో వేయడమే అన్యాయం.

చట్టంలో దీనికి చోటు బొత్తిగా లేకపోలేదు. నమ్మకం మీద ఇంకొకరి కోసం ఆస్తి అట్టిపెట్టుకున్నవాళ్లకి బినామీ నిషేధం వర్తించదన్న మినహాయింపు 1988లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. తోబుట్టువులు తలా కొంత డబ్బు వేసి ఒకరి పేరు మీద పెట్టుకున్న బెంగళూరు ఆస్తి కేసులో, ఆ ఒక్కరు మిగతావాళ్ల నమ్మకం మీద దాన్ని అట్టిపెట్టుకున్నట్టేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కచెల్లెళ్ల కేసులు చేపట్టే లాయర్లు ఈ తీర్పుని గట్టిగా వాడాలి. అక్కా తమ్ముళ్ల మధ్య కాగితం లేకపోవడం వింత కాదు, నమ్మకానికి సాక్ష్యమని వాదించాలి. 2016లో తీసేసిన వాక్యం, భార్యా కూతుళ్ల పేరు మీద కొన్నది వాళ్ల మేలుకోసమేనన్న వాక్యం, తిరిగి చట్టంలోకి రావాలి. ఈసారి తల్లిని కూడా చేర్చి రావాలి. సొమ్ము అన్న మాటకి పొలం పని, ఇంటి పని కూడా సొమ్మేనన్న అర్థం చట్టంలోనే రాయాలి, ఒక్కో న్యాయమూర్తి దయకి వదలకూడదు.

పట్టాల్లో ఆడవాళ్ల పేర్లు పెరిగితే చాలు, సాధికారత వచ్చేసినట్టేనని ప్రభుత్వాలు లెక్కలు చూపిస్తాయి. 2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారుకే అన్నారు. మంచిదే. ఆమె ఖాతాలో పడుతుంది, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటుంది. పథకం పేరు 2025లో రైతు భరోసాగా మారింది. కార్డు ఏ జేబులో ఉందో ఎవరూ వాకబు చేయలేదు.

చివరగా, ఇప్పుడు ఈ మండలాల్లో ఎక్కువగా ఎదురయ్యే కాగితం గురించి. విదేశాల్లో ఉన్న కొడుకు తల్లి పేరు మీద భూమి కొన్నాడు. తల్లి వీలునామా రాయకుండా పోయింది. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం అది ఆమె కొడుకులకీ, కూతుళ్లకీ, భర్త ఉంటే ఆయనకీ సమానంగా వస్తుంది. కాబట్టి హక్కు విడుదల పత్రం తయారవుతుంది. "అక్కా, పైసలు నేనే పంపిన గదా, ఒక్క సంతకమే" అని ఫోన్ వస్తుంది. పెట్టకపోతే తల్లిగారిల్లు మూతపడుతుందన్న బెదిరింపు ఆ ఫోనులో వినిపించీ వినిపించకుండా ఉంటుంది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాల్లోనే జరుగుతున్నాయి. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినా ఆ పద్ధతి మారలేదు. అక్కడ ఆమెను అడిగేది ఆధారు, వేలిముద్ర, సంతకం. ఎంత వదులుకుంటున్నదో లెక్కగట్టి చెప్పేవాళ్లుండరు.

ఆ పని మన సంఘాలు చేయాలి. తల్లి పేరు మీద ఎన్ని ఎకరాలున్నాయి, ఏ సర్వే నంబరు, ఇప్పటి ధరెంత, అందులో తన వాటా ఎంతకొస్తుంది అన్నది సంతకానికి ముందు ఆమె చేతిలో రాతపూర్వకంగా ఉండాలి. పత్రం నకలు ఇంటికి తెచ్చుకుని చదివించుకోవాలి. వాటా వదులుకోవాలనుకుంటే వదులుకోవచ్చు, ఎంత వదులుకుంటున్నదో తెలిసి వదులుకోవాలి. తమ్ముడికి విమానం టైమవుతున్నదని తొందరపెడితే, స్లాటు మళ్లీ బుక్ చేసుకోవచ్చని చెప్పాలి.